‘మధుమేహ ఎలుక’: ప్రయోగశాల నమూనాపై ఒక ఉపమాన విచారం

వ్యాససంగ్రహం:

వైద్యపరిశోధనలో ఎలుకను ‘నమూనా’గా స్వీకరించడమంటే ఒక జీవిని మరొక జీవితో పోల్చడమే. పోలిక ఎంతవరకు నిలుస్తుంది, ఎక్కడ తెగుతుంది అనే విచారం అలంకారశాస్త్రానికి కొత్తది కాదు. మధుమేహ, జీవక్రియ పరిశోధనల్లో వాడుకలో ఉన్న ప్రధానమైన ఎలుక నమూనాలను ఉపమ అవయవాల సహాయంతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఏ నమూనా అయినా మానవ వ్యాధిలో కొన్ని ధర్మాలకే ప్రాతినిధ్యం వహిస్తుంది. ఆ ధర్మాలను చెప్పకుండా ఫలితాన్ని మాత్రమే తెలుగులోకి తెచ్చినప్పుడు పోలిక కాస్తా అభేదంగా మారుతుంది. దాని వల్ల నష్టపోయేది రోగి. లోపం ఎలుకలో కంటే ఎలుకను గురించి రాసే వాక్యంలో ఎక్కువగా ఉందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మధుమేహం, ప్రయోగశాల ఎలుక, నమూనా, ఉపమ, సమానధర్మం, స్ట్రెప్టోజోటోసిన్, జాతీయ పోషకాహార సంస్థ, విజ్ఞానశాస్త్ర రచన.

1. ఉపోద్ఘాతం:

భారతదేశంలో మధుమేహంతో జీవిస్తున్నవారి సంఖ్య సుమారు 10.1 కోట్లని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. తెలుగునాట ‘షుగరు’ అనే మాట వినిపించని ఇల్లు అరుదు. అందుచేత ఆ వ్యాధికి సంబంధించిన పరిశోధన వార్తకు పాఠకులు ఎప్పుడూ ఉంటారు. ఫలానా ఆకు, ఫలానా గింజ చక్కెరను తగ్గించిందనే సమాచారం పత్రికల ఆరోగ్యపుటల్లోనూ, చరవాణి సందేశాల్లోనూ వేగంగా వ్యాపిస్తుంది. ఇటువంటి సమాచారంలో గణనీయమైన భాగానికి మూలం ఎలుకలపై జరిగిన ప్రయోగాలు.

ఆ ప్రయోగాల శాస్త్రీయతను నిర్ణయించడం జీవశాస్త్రజ్ఞుల పని. అయితే వాటి ఫలితం ఇంగ్లీషు పరిశోధనపత్రం నుండి తెలుగు వాక్యంలోకి వచ్చే దారిలో ఏది మిగులుతుంది, ఏది జారిపోతుంది అనే ప్రశ్న భాషాసాహిత్య అధ్యయనానికి సంబంధించినది. పారిభాషిక పదనిర్మాణం, అనువాదం, పత్రికారచన తెలుగు శాఖల్లో పాఠ్యాంశాలుగా ఉన్నాయి. కనుక ఈ ప్రశ్నను అక్కడే అడగడం సముచితం.

2. నమూనా అంటే పోలిక:

మధుమేహ పరిశోధన చరిత్ర ఎలుకతో మొదలుకాలేదు. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్‌లు కుక్క క్లోమాన్ని తొలగించి, దానికి మధుమేహం రావడాన్ని గమనించారు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్‌లు ఇన్సులిన్ కోసం చేసిన ప్రయోగాలు కూడా కుక్కలపైనే జరిగాయి. 1929లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ క్రోగ్ ఒక సూత్రాన్ని ప్రతిపాదించాడు. అనేక శరీరధర్మ సమస్యల విషయంలో, ఒక్కొక్క సమస్యను అధ్యయనం చేయడానికి అత్యంత అనుకూలమైన జంతువు ఒకటి ఉంటుందని దాని సారాంశం. తరువాతి దశాబ్దాల్లో ఎలుకకు దక్కిన ప్రాధాన్యానికి ఈ అనుకూలత ఒక్కటే కారణం కాదు. అది తక్కువ చోటులో పెరుగుతుంది, త్వరగా సంతానాన్ని కంటుంది, పోషణవ్యయం తక్కువ. ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థ పేరుతో ప్రసిద్ధమైన తెల్ల ఎలుక ప్రపంచమంతటి ప్రయోగశాలలకు విస్తరించింది. ఎంపికలో సాదృశ్యంతో పాటు సౌలభ్యం కూడా ఉందనే విషయాన్ని ఆరంభంలోనే గుర్తించాలి.

ఇక ‘నమూనా’ అనే భావనకు వస్తే, పూర్ణోపమకు నాలుగు అవయవాలు ఉంటాయి: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ఎలుక ప్రయోగంలో ఉపమేయం మధుమేహం గల మనిషి. ఉపమానం ఎలుక. సమానధర్మం ఆ ప్రయోగంలో కొలిచే శారీరక లక్షణం. ఉపమావాచకం ‘నమూనా’ అనే మాటే. ముఖం చంద్రుడిలా ఉందన్నప్పుడు చంద్రుడిలోని మచ్చను ముఖానికి ఎవరూ అంటగట్టరు. కాంతి, ఆహ్లాదకత్వం మాత్రమే ఇక్కడ సమానధర్మాలని కావ్యసంప్రదాయం సహృదయుడికి ముందే నేర్పింది. శాస్త్రంలో అటువంటి సంప్రదాయం పాఠకుడికి అందుబాటులో లేదు. అక్కడ సమానధర్మాన్ని మాటల్లో చెప్పితీరాలి.

విజ్ఞానశాస్త్ర తాత్త్వికురాలు మేరీ హెస్సీ 1963లో వెలువరించిన గ్రంథంలో నమూనాలను సాదృశ్యాలుగానే వివరించింది. పోలిక నిలిచే అంశాలు, పోలిక లేని అంశాలు, ఇంకా తేలని అంశాలు అని ఆమె మూడు విభాగాలు చేసింది. పరిశోధనకు ప్రాణం మూడవ విభాగం. ఉందో లేదో తెలియని సాదృశ్యాన్ని తేల్చడానికే ప్రయోగం జరుగుతుంది. తేలని అంశాన్ని తేలినదానిగా రాయడం, పోలిక లేని అంశాన్ని మరచిపోవడం అనే రెండు దోషాల చుట్టూనే నమూనాలపై వచ్చే విమర్శ అంతా తిరుగుతుంది.

3. ఒక సమాసం – మూడు విగ్రహవాక్యాలు:

‘మధుమేహ ఎలుక’ అనే మిశ్రసమాసాన్ని విడదీస్తే సమస్య స్పష్టమవుతుంది. దీనికి మూడు విధాలుగా విగ్రహవాక్యం చెప్పవచ్చు.

అ) మధుమేహం గల ఎలుక.
ఆ) మధుమేహ పరిశోధన కొరకు ఉద్దేశించిన ఎలుక.
ఇ) మధుమేహం వంటి స్థితి గల ఎలుక.

పరిశోధకుడు చాలా సందర్భాల్లో ఉద్దేశించేది మూడవది. ‘వంటి స్థితి’ అనే నడిమి మాటలు లోపించిన మధ్యమపదలోపి సమాసంగా దానిని గ్రహించాలి. సాధారణ పాఠకుడు మాత్రం మొదటి అర్థాన్నే తీసుకుంటాడు. తన ఒంట్లో ఉన్న జబ్బే ఆ ఎలుకకూ ఉందని, దానికి తగ్గింది గనుక తనకూ తగ్గుతుందని భావిస్తాడు. లోపించిన పదం పోలికను సూచించే పదమే కావడం గమనార్హం.

‘ఎలుక’ అనే పదంలోనూ ఇటువంటి ఇబ్బంది ఉంది. ఇంగ్లీషులో రెండు వేర్వేరు పేర్లున్న రెండు జాతులను తెలుగు సాధారణంగా ‘ఎలుక’ అనే ఒక్క మాటతోనే పిలుస్తుంది. చిన్నజాతికి ‘చిట్టెలుక’ అనే మాట ఉన్నా అనువాదాల్లో ఆ భేదాన్ని పాటించడం తక్కువ. ఎలుకకు పిత్తాశయం లేదు, చిట్టెలుకకు ఉంది. లెప్టిన్ అనే హార్మోను 1994లో వెల్లడైనది చిట్టెలుక ద్వారా. స్థూలకాయ జుకర్ సంతతి ఎలుకలది. రెండింటినీ ఒకటిగా రాసినప్పుడు ఉపమానమే అస్పష్టమవుతుంది.

4. రసాయనంతో కలిగించిన మధుమేహం:

ఇంతవరకు చెప్పిన భాషాదృష్టిని ఒక్కొక్క నమూనాకు అన్వయించి చూడాలి. మన దేశంలో ఔషధమొక్కలపై జరిగే ప్రయోగాల్లో బహుళంగా కనిపించే నమూనా స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చిన ఎలుక. ఈ పదార్థాన్ని మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవి నుండి వేరుచేశారు. ఇది జంతువుల్లో మధుమేహాన్ని కలిగిస్తుందని 1963లో వెల్లడైంది. అంతకుముందు 1943లో అలోక్సాన్ అనే రసాయనానికి ఇదే గుణం ఉందని గుర్తించారు.

స్ట్రెప్టోజోటోసిన్ నిర్మాణంలో గ్లూకోజును పోలిన భాగం ఉంటుంది. ఎలుక క్లోమంలో ఇన్సులిన్‌ను తయారుచేసే బీటా కణాల పైపొరలో ‘గ్లూట్–2’ అనే రవాణా ప్రోటీను ఉంటుంది. రసాయనం ఆ ద్వారం గుండా లోపలికి వెళ్లి, కణంలోని డీఎన్ఏను దెబ్బతీస్తుంది. కణం తన శక్తివనరులను కోల్పోయి నశిస్తుంది. రెండు మూడు రోజుల్లో రక్తంలో చక్కెర పెరుగుతుంది. మనిషి బీటా కణాల్లో ఈ ద్వారం చాలా తక్కువ, గ్లూట్–1 ప్రధానమైనది. అందువల్ల మానవ కణాలు ఈ విషాన్ని చాలావరకు తట్టుకుంటాయి. అంటే ఎలుకకు ‘మధుమేహం’ వచ్చిన మార్గం మనిషికి దాదాపు లేనే లేదు.

మరి ఇక్కడ సమానధర్మం ఏది? ఇన్సులిన్ లోపం, దాని వల్ల రక్తంలో చక్కెర పెరగడం. ఈ రెండు అంశాల్లో పోలిక బలంగా నిలుస్తుంది. కొత్త ఇన్సులిన్ రూపాలను పరీక్షించడానికి, అధిక చక్కెర వల్ల మూత్రపిండాలకూ, కంటికీ, నాడులకూ కలిగే హానిని తెలుసుకోవడానికి ఈ నమూనా ఉపయోగపడుతుంది. అయితే మొదటిరకం మధుమేహంలో దేహపు రక్షణవ్యవస్థే బీటా కణాలపై దాడి చేస్తుంది. రెండవరకంలో ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోవడం, బీటా కణాలు క్రమంగా అలసిపోవడం కలిసి ఏళ్లతరబడి సాగుతాయి. ఎక్కువ మోతాదు రసాయనం ఒక్కసారి ఇచ్చిన ఎలుకలో ఈ రెండు కథలూ లేవు.

ఈ భేదాన్ని విస్మరించడం వల్ల కలిగే దోషాలు రెండు. మొదటిది: మొక్కసారాన్ని రసాయనానికి ముందుగానో, వెనువెంటనో ఇచ్చిన ప్రయోగాల్లో చక్కెర పెరగకపోతే, ఆ సారం మధుమేహాన్ని తగ్గించిందని తీర్మానించడం. ఆక్సీకరణను నిరోధించే గుణం ఉన్న పదార్థం ఏదైనా రసాయనపు విషాన్నే అడ్డుకొని ఉండవచ్చు. అప్పుడది విషానికి విరుగుడు మాత్రమే. మనిషి ఆ విషాన్ని తీసుకోలేదు కనుక ఆ విరుగుడుతో అతనికి పని లేదు. రెండవది: పోలిక కోసం గ్లైబెన్‌క్లమైడ్ మాత్రను వాడే ప్రయోగాలకు సంబంధించినది. మిగిలిన బీటా కణాల చేత ఇన్సులిన్‌ను విడుదల చేయించడం ఆ మందు పని. అది ఎలుకలో చక్కెరను బాగా తగ్గించిందంటే, బీటా కణాలు తగినన్ని మిగిలి ఉన్నాయని అర్థం. కణాలు పూర్తిగా నశించాయని ఒక పేరాలో, మాత్ర బాగా పనిచేసిందని మరొక పేరాలో రాసిన పత్రం తనను తానే ఖండించుకుంటుంది.

నికోటినమైడ్ ఉదాహరణ ఇక్కడ ప్రస్తావించదగింది. ఈ విటమిన్ రూపం స్ట్రెప్టోజోటోసిన్ బారి నుండి ఎలుక బీటా కణాలను కాపాడుతుంది. ఆ ఆశతో మొదటిరకం మధుమేహం వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్న 552 మందిపై పెద్ద పరీక్ష జరిగింది. వ్యాధిని అది నివారించలేదని 2004లో ఫలితాలు తేల్చాయి. ఎలుకలో నికోటినమైడ్ అబద్ధం చెప్పలేదు. రసాయనవిషాన్ని తట్టుకోవడం, రక్షణవ్యవస్థ దాడిని తట్టుకోవడం వేర్వేరు ధర్మాలు. ఒకటి నిరూపించి మరొకదాన్ని ఆశించడంలోనే పోలిక తెగింది.

5. జన్యుసంబంధ నమూనాలు – హైదరాబాదు ఎలుక:

రసాయనం లేకుండా పుట్టుకతోనే జీవక్రియ లోపాలున్న సంతతులు రెండవ వర్గం. 1961లో జుకర్ దంపతులు వర్ణించిన స్థూలకాయ ఎలుకలో లెప్టిన్ గ్రాహకం దెబ్బతిని ఉంటుంది. కడుపు నిండిందనే సంకేతం మెదడుకు అందక అది అతిగా తింటుంది. మనుషుల్లో ఇటువంటి ఉత్పరివర్తన అత్యంత అరుదు. సామాన్య స్థూలకాయుల్లో లెప్టిన్ సాధారణంగా ఎక్కువగానే ఉంటుంది. లెప్టిన్‌ను మందుగా ఇస్తే ఊబకాయం తగ్గుతుందన్న ఆశ సాధారణ రోగుల్లో ఫలించలేదు. పుట్టుకతో లెప్టిన్ లేనివారిలో మాత్రం అద్భుతంగా పనిచేసింది. సమానధర్మం ఉన్నచోట పోలిక నిలిచింది, లేనిచోట నిలవలేదు.

జపాన్‌లో 1975లో గోటో, కకిజాకీలు రూపొందించిన సంతతి ఇందుకు భిన్నం. సాధారణ విస్టార్ ఎలుకల్లో గ్లూకోజును తట్టుకునే శక్తి తక్కువగా ఉన్నవాటిని తరతరాలుగా ఎంపిక చేసి జతకట్టించారు. ఆ సంతతికి స్థూలకాయం లేదు, మధుమేహం మాత్రం ఉంది. ఐరోపావారితో పోలిస్తే తక్కువ బరువులోనే మధుమేహం బారినపడే భారతీయుల విషయంలో ఈ సంతతి ఆలోచింపజేస్తుంది. అయినా సన్నగా కనిపించే భారతీయుడి పొట్టలో పేరుకొనే కొవ్వు ఈ ఎలుక కథలో ప్రధానం కాదు. ఇక్కడా పోలిక పాక్షికమే.

తెలుగు నేలతో నేరుగా సంబంధమున్న నమూనా హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థది. ఆ సంస్థలో దశాబ్దాలుగా అంతఃప్రజననంతో పెంచుతున్న విస్టార్ సంతతిలో సహజంగా తలెత్తిన ఒక స్థూలకాయ ఎలుకను గిరిధరన్, సహపరిశోధకులు 1996లో వర్ణించారు. దానికి సంస్థ ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో ‘డబ్ల్యూఎన్ఐఎన్ – ఓబీ’ అని పేరుపెట్టారు. ఈ సంతతిలో సన్ననివి, మధ్యస్థమైనవి, స్థూలకాయమైనవి అని మూడు రకాలు కనిపిస్తాయి. స్థూలకాయ ఎలుక కిలోకు మించిన బరువుకు చేరగలదు. రక్తంలో ఇన్సులిన్, కొవ్వులు అధికంగా ఉంటాయి, చక్కెర మాత్రం సాధారణంగానే ఉంటుంది. దానికి సోదరసంతతి అయిన ‘జీఆర్ – ఓబీ’లో గ్లూకోజును తట్టుకునే శక్తి కూడా తగ్గింది. కంటిశుక్లాలు, ఆయుఃక్షీణత కూడా ఈ ఎలుకల్లో గమనించారు.

ఒకే సంస్థలో పుట్టిన ఈ రెండు సంతతుల మధ్య భేదమే విలువైన పాఠం. స్థూలకాయం, ఇన్సులిన్ ఆధిక్యం, చక్కెర ఆధిక్యం అనే మూడూ ఎప్పుడూ కలిసే రావని అవి చూపుతున్నాయి. మొదటిదాన్ని ‘మధుమేహ ఎలుక’ అనడం పొరపాటు. అది స్థూలకాయానికి ఉపమానం. రెండవది మధుమేహానికి ముందుండే దశకు ఉపమానం. తెలుగులో ఈ సంతతులను గురించి రాసేవారు పాటించవలసిన మొదటి వివేకం ఇదే.

6. ఎలుక పళ్లెం – మనిషి పళ్లెం:

ఆహారం ద్వారా వ్యాధిని కలిగించే నమూనాలకు జాతీయ పోషకాహార సంస్థ పూర్వచరిత్రలోనే ఒక ఆసక్తికరమైన నేపథ్యం ఉంది. ఆ సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ నేతృత్వంలో చిన్న పరిశోధనవిభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మెక్‌కారిసన్ కూనూరులో ఉన్నప్పుడు భారతదేశంలోని వివిధ ప్రాంతాల, సమూహాల ఆహారాలను వేర్వేరు ఎలుకల గుంపులకు పెట్టి, వాటి ఎదుగుదలను పోల్చాడు. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పులు, కూరగాయలతో కూడిన సిక్కుల ఆహారం తిన్న ఎలుకలు అందరికంటే మిన్నగా ఎదిగాయి. వరి ప్రధానమైన మద్రాసీ ఆహారం తిన్నవి చివరన నిలిచాయి. నాడు ఆంధ్రప్రాంతంలో అధికభాగం మద్రాసు రాజధానిలోనిదే.

ఆహారనాణ్యతను కొలవడానికి ఎలుక ఎదుగుదల ఒక సమానధర్మం కాగలదు. పాలు, పప్పు, ఆకుకూరలు తక్కువైన పళ్లెంలో లోపముందన్న నిర్ధారణ నేటికీ విలువైనదే. అయితే ఆ ఎలుకల దేహపరిమాణాన్ని ఆయా సమూహాల దేహదారుఢ్యానికీ, పౌరుషానికీ ప్రతిబింబంగా చదివే ధోరణి వలసపాలన కాలపు జాతిభావనలతో ముడిపడింది. ఒక పళ్లెం గుణాన్ని తేల్చిన పోలికను ఒక ప్రజ గుణానికి సాగదీయడం అది. ఉపమ హద్దు దాటితే శాస్త్రం ఎక్కడికి చేరగలదో ఈ ఉదంతం చూపుతుంది.

నేటి ఆహార నమూనాల్లో అధిక కొవ్వుతో పాటు తక్కువ మోతాదు స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చే పద్ధతి ప్రసిద్ధం. మొహాలీలోని జాతీయ ఔషధవిద్యా పరిశోధన సంస్థకు చెందిన పరిశోధకులు 2005లో ప్రచురించిన పద్ధతిలో ఎలుక ఆహారశక్తిలో 58 శాతం కొవ్వు నుండి వస్తుంది. ఇన్సులిన్‌కు స్పందన తగ్గడం, దానిపై బీటా కణాలు పాక్షికంగా నశించడం అనే రెండంచెలను చూపగలగడం దీని బలం. రెండవరకం మధుమేహానికి ఒంటరి రసాయన నమూనా కంటే ఇది మెరుగైన ఉపమానం. కానీ మూడుపూటలా అన్నమే ప్రధానమైన తెలుగు పళ్లెంలో శక్తికి ప్రధాన మూలం పిండిపదార్థం. కొవ్వుతో ఇన్సులిన్ స్పందన కోల్పోయిన ఎలుకపై వచ్చిన ఆహారసలహాను, తెల్లబియ్యంతో పెరిగిన మనిషికి యథాతథంగా అన్వయించడానికి ముందు ఆగి ఆలోచించాలి. పైగా ఎలుకలో కొలెస్టరాల్ ప్రధానంగా హెచ్‌డీఎల్ రూపంలో ప్రయాణిస్తుంది, మనిషిలో ఎల్‌డీఎల్ రూపంలో. ఎలుకలో ‘మంచి కొవ్వు పెరిగింది’ అన్న వాక్యానికి మనిషిలో ఉండే అర్థమే ఉండదు.

7. సాదృశ్యం ఇచ్చినది – వ్యతిరేకం ఇచ్చినది:

ఇంతవరకు చెప్పినవి చదివి, ఎలుక నమూనా వ్యర్థమని తీర్మానిస్తే అది మరొక అతిశయోక్తి అవుతుంది. 1987లో రోసెట్టీ, డిఫ్రాంజో తదితరులు క్లోమంలో 90 శాతాన్ని తొలగించిన ఎలుకలకు ఫ్లోరిజిన్ అనే వృక్షసంబంధ పదార్థాన్ని ఇచ్చారు. అది చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపుతుంది. రక్తంలో చక్కెర తగ్గడంతో ఆ ఎలుకల్లో ఇన్సులిన్ స్పందన తిరిగి సాధారణస్థితికి వచ్చింది. అధిక చక్కెర వ్యాధికి ఫలితం మాత్రమే కాదు, దాన్ని ముదిరించే కారణం కూడా అని తేటపడింది. మూత్రపిండాల ద్వారా చక్కెరను పంపే నేటి ‘గ్లిఫ్లోజిన్’ మందుల వెనుక ఈ ఆలోచన ఉంది. సమానధర్మం ఇక్కడ స్పష్టం: మూత్రపిండం చక్కెరను తిరిగి పీల్చుకొనే యంత్రాంగం ఎలుకలోనూ మనిషిలోనూ మౌలికంగా ఒకటే. గమనించదగిన మరో విషయం, ఫ్లోరిజిన్ యథాతథంగా మందు కాలేదు. పేగుల్లో సరిగా నిలవకపోవడం వంటి లోపాలను సవరించిన కొత్త అణువులు, మనుషులపై పరీక్షలు దాటి, 2012 నుండి వాడుకలోకి వచ్చాయి. ఎలుక నుండి రోగి వరకు పాతికేళ్లు పట్టింది.

భేదం కూడా మేలు చేసిన సందర్భం ఇంకా రమ్యమైనది. ఇన్సులిన్‌తో పాటు విడుదలయ్యే అమైలిన్ అనే హార్మోను మనిషి క్లోమంలో పోగుపడి గడ్డకడుతుంది. ఎలుక అమైలిన్ గడ్డకట్టదు. దానిలో 25, 28, 29 స్థానాల్లో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఉండటం అందుకు కారణం. మానవ అమైలిన్‌లో అవే మూడు స్థానాల్లో ప్రోలీన్‌ను చేర్చి తయారుచేసిన ప్రామ్లిన్‌టైడ్ అనే మందుకు 2005లో అమెరికాలో అనుమతి లభించింది. ఉపమాన ఉపమేయాల మధ్య భేదాన్ని చెప్పి చమత్కారం సాధించేది వ్యతిరేకాలంకారం. ఇక్కడ ఆ భేదమే ఔషధమైంది. పోలిక లేని అంశాన్ని దాచకుండా ఎత్తి చూపిన పరిశోధకుడికి దక్కిన ఫలమిది.

8. తెలుగు వాక్యంలో లుప్తమైన ఎలుక:

శాస్త్రరంగంలో జాగ్రత్తగా కట్టిన పోలిక తెలుగు పాఠకుడిని చేరేసరికి ఏమవుతుందో ఒక కల్పితోదాహరణతో చూడవచ్చు. మూలపత్రం శీర్షిక ‘స్ట్రెప్టోజోటోసిన్ ప్రేరిత మధుమేహ ఎలుకలలో పొడపత్రి ఆకుసారపు ప్రభావం’ అనుకుందాం. పత్రికాశీర్షికగా అది ‘మధుమేహానికి పొడపత్రితో చెక్’ అవుతుంది. ఉపమానం పోయింది, ఉపమావాచకం పోయింది, సమానధర్మం పోయింది. మిగిలినది ఉపమేయం, మందు.

లుప్తోపమ కావ్యంలో దోషం కాదు. ఏ అవయవం లోపించిందో సహృదయుడికి తెలుసు, దాన్ని అతడే పూరించుకుంటాడు. వార్తలో ఏదో లోపించిందన్న సంగతే పాఠకుడికి తెలియదు. భ్రాంతిమదలంకారంలో భ్రాంతి పాత్రది, కవికీ పాఠకుడికీ నిజం తెలుసు. ఇక్కడ భ్రాంతి పాఠకుడిదే. ఈ లోపానికి పత్రికలనే నిందించడం న్యాయం కాదు. అల్జీమర్స్ వ్యాధి పరిశోధనపత్రాలపై 2021లో వెలువడిన ఒక అధ్యయనం, పత్రం శీర్షికలోనే చిట్టెలుక ప్రస్తావన లేనప్పుడు వార్తాశీర్షికల్లోనూ అది లోపించే అవకాశం ఎక్కువని చూపింది. అంటే లోపం మూలరచయిత దగ్గరే మొదలవుతుంది.

మోతాదు విషయం దీనికి తోడవుతుంది. ఎలుకకు కిలో బరువుకు 400 మిల్లీగ్రాముల సారాన్ని ఇచ్చారనుకుందాం. శరీర ఉపరితల వైశాల్యం ఆధారంగా మనిషికి మార్చడానికి దానిని 6.2తో భాగించడం ఔషధపరిశోధనలో వాడుకలో ఉన్న పద్ధతి. 60 కిలోల మనిషికి అది దాదాపు 3.9 గ్రాములు. ఇది ఆకు కాదు, సారం. ఎండుటాకులో పదోవంతు సారం వస్తుందనుకుంటే రోజుకు 39 గ్రాముల ఎండుటాకు కావాలి. పొద్దున్నే నాలుగాకులు నమిలే అలవాటుకూ ఈ ప్రయోగానికీ సంబంధం లేదు. పైగా ఈ లెక్క మొదటి పరీక్షకు సురక్షితమైన మోతాదును అంచనా వేయడానికే గాని, ఇంట్లో వైద్యం చేసుకోవడానికి కాదు.

మనుషులపైనే జరిగిన అధ్యయనాన్ని దీనితో పోల్చాలి. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1990లో మొదటిరకం మధుమేహం ఉన్న కొద్దిమంది రోగులకు కొవ్వు తీసిన మెంతిపిండిని రోజుకు 100 గ్రాముల చొప్పున ఆహారంలో చేర్చి పరీక్షించారు. చక్కెర స్థాయి తగ్గింది. ఇక్కడ ఉపమేయం స్వయంగా సాక్ష్యమిచ్చింది. అయినా ఆ వాక్యంలోనూ చెప్పితీరవలసిన వివరాలున్నాయి: రోగుల సంఖ్య తక్కువ, మెంతుల మోతాదు పోపుగింజలది కాదు, వారు ఇన్సులిన్‌పై ఆధారపడినవారు. ఈ చివరి మాట లేకుండా ‘మెంతులతో షుగరు మాయం’ అని రాస్తే, మొదటిరకం మధుమేహం ఉన్న పిల్లవాడి తల్లిదండ్రులు ఇన్సులిన్ సూది మాన్పించే ప్రమాదం ఉంది. ఇన్సులిన్ ఆగితే ఆ బిడ్డ రోజుల వ్యవధిలోనే కీటోఆమ్లాల విషస్థితికి, ప్రాణాపాయానికి చేరవచ్చు. ఒక్క విశేషణం లోపం ఇంత దూరం పోగలదు.

9. ఉపమానానికి ప్రాణముంది:

కావ్యంలో చంద్రుణ్ణి ఎన్నిసార్లు ఉపమానం చేసినా చంద్రుడికి లోటు లేదు. ప్రయోగశాలలో ఉపమానం చనిపోతుంది. ఇంగ్లీషు పరిశోధనపత్రాల్లో ప్రయోగానంతరం ఎలుకలను చంపడానికి ‘బలి’ అనే అర్థమిచ్చే క్రియను వాడటం పరిపాటి. సామాజికశాస్త్రజ్ఞుడు మైఖేల్ లించ్ 1988లో ఈ మాట వెనుకనున్న భావాన్ని విశ్లేషించాడు. బలి అన్నప్పుడు దానికి ఫలం ఉండాలనే నియమం ఆ మాటలోనే ఉంది. జంతువుకు బదులు వేరే మార్గం వెదకడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం అనే మూడు సూత్రాలను రస్సెల్, బర్చ్‌లు 1959లో ప్రతిపాదించారు. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రయోగాలపై పర్యవేక్షణకు ఆధారం కల్పించింది. సమానధర్మం ఏదో నిర్ణయించకుండా, మరో ఆకు, మరో గింజ అంటూ అదే నమూనాను పునరావృతం చేసే ప్రయోగం ఈ దృష్టితో కూడా సమర్థనీయం కాదు. నమూనా ఎంపికలో అజాగ్రత్త శాస్త్రదోషమే కాదు, ధర్మదోషం కూడా.

10. ముగింపు:

• మధుమేహ పరిశోధనలో ఎలుక నమూనా ఒక ఉపమ. ఏ నమూనా అయినా మానవ మధుమేహాన్ని సంపూర్ణంగా పోలదు. స్ట్రెప్టోజోటోసిన్ ఎలుక ఇన్సులిన్ లోపాన్నీ, జుకర్ ఎలుక లెప్టిన్ గ్రాహకలోపాన్నీ, హైదరాబాదు ‘ఓబీ’ ఎలుక స్థూలకాయాన్నీ, కొవ్వు ఆహారపు ఎలుక రెండంచెల క్షీణతనూ మాత్రమే పోలుతాయి.

• సమానధర్మం స్పష్టంగా ఉన్నచోట ఫ్లోరిజిన్ వంటి విజయాలు, భేదాన్ని గుర్తించినచోట ప్రామ్లిన్‌టైడ్ వంటి ఔషధాలు వచ్చాయి. రెండూ విస్మరించినచోట నికోటినమైడ్ ఆశ భగ్నమైంది.

• తెలుగులో రాసేటప్పుడు ‘మధుమేహ ఎలుక’ అనే సమాసాన్ని కనీసం మొదటి ప్రస్తావనలో విడదీసి, ‘ఫలానా విధంగా మధుమేహం వంటి స్థితి కలిగించిన ఎలుక’ అని రాయడం మేలు. రెండు జాతులకు ‘ఎలుక’, ‘చిట్టెలుక’ అనే పదాలను నియతంగా వాడాలి.

• ఏ జీవిపై, ఏ పద్ధతిలో, ఏ లక్షణం మారింది, మనుషులపై పరీక్ష జరిగిందా అనే నాలుగు ప్రశ్నలకు జవాబు ఇవ్వని ఆరోగ్యవార్త అసంపూర్ణ రచన. అనువాద, పత్రికారచన పాఠ్యాంశాల్లో ఈ నాలుగింటినీ అభ్యాసంగా చేర్చవచ్చు.

‘వలె’ అనేది తెలుగులో చిన్న మాట. వాక్యంలో అది ఉన్నప్పుడు ఎలుక పరిశోధకుడికి దారి చూపుతుంది. అది జారిపోయినప్పుడు అదే ఎలుక రోగిని దారి తప్పిస్తుంది. ఆ మాటను దాని చోట నిలపడం భాషాధ్యాపకుల బాధ్యతల్లో ఒకటి.